14యూ ఐస్ హాకీ ఆడే అబ్బాయి ప్రొఫెషనల్ అవ్వాలంటే దారి ఎలా ఉంటుంది? డబ్బు, శరీరం, వీసా సంగతులు తెలిసినవాళ్లు చెప్పండి

ఫ్రిస్కో_నాన్న:

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. బాబుకి 13 నిండాయి, 14యూ (14 ఏళ్లలోపు) డబుల్-ఏ జట్టులో సెంటర్ ఆడుతున్నాడు. వచ్చే సీజన్‌కి దానికంటే పై స్థాయి ట్రిపుల్-ఏ ట్రయౌట్లకి (ఎంపిక పోటీలకి) తీసుకెళ్లమని కోచ్ అంటున్నారు. క్లబ్ ఫీజు, ప్రయాణాలు, హోటళ్లు ఎంతవుతాయో లెక్క వేసుకున్నాం. తెలియనిదల్లా ఆ తర్వాత సంగతే.

క్రికెట్ అయితే ఏజ్ గ్రూపులు, రంజీ, ఐపీఎల్ అని మెట్లు చెప్పగలం. ఇక్కడ యూఎస్‌హెచ్‌ఎల్, మేజర్ జూనియర్, కాలేజీ, ఏహెచ్‌ఎల్ అని పేర్లు వినిపిస్తాయి కానీ దేని తర్వాత ఏదో అర్థం కావడం లేదు. ఏ వయసులో ఏ నిర్ణయం తీసుకోవాలి? ఒకవేళ ప్రొఫెషనల్ అయ్యి, అన్నిటికంటే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మాత్రం నిలబడలేకపోతే బతుకు గడుస్తుందా? బాడీ చెకింగ్ (ఎదుటివాడిని ఒంటితో ఢీకొట్టడం) మొదలైన దగ్గర్నుంచీ వాళ్లమ్మకి నిద్ర లేదు, దాని గురించి కూడా చెప్పండి. ఇంకో ముఖ్య విషయం: మాది హెచ్-1బి, బాబుది హెచ్-4, ఇండియన్ పాస్‌పోర్ట్.

నీలిగీత:

ముందు ఒక చిన్న లెక్క చూడండి. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, ఒక్కో రోస్టర్‌లో ఎక్కువలో ఎక్కువ 23 మంది. అంటే మొత్తం 736 ఉద్యోగాలు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 7 రౌండ్లు, అంటే ఏటా 224 మంది కొత్తవాళ్లు వరసలోకి వస్తారు. పాతవాళ్లు ఏటా 224 మంది ఖాళీ చేసి వెళ్లరు కదా. అందుకే డ్రాఫ్ట్ అయితే చాలు, స్థిరపడినట్టే అనుకోవడం పొరపాటు. అలాగని డ్రాఫ్ట్ కాకపోతే దారి మూసుకుపోయిందనీ కాదు. మార్టిన్ సెయింట్ లూయీని ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. వెర్మాంట్ యూనివర్సిటీలో ఆడి వచ్చిన ఆయన 2004లో లీగ్ ఎంవీపీ ట్రోఫీ, స్టాన్లీ కప్ (లీగ్ టైటిల్) రెండూ ఎత్తారు. మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ కావాలంటే కెనడాలోని సర్రేలో పెరిగిన పంజాబీ అబ్బాయి అర్ష్‌దీప్ బెయిన్స్. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, 2021-22లో డబ్ల్యూహెచ్‌ఎల్ అనే కెనడా జూనియర్ లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టిన సీజన్లోనే వాంకూవర్ సంతకం చేయించుకుంది, 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు.

ఇక వయసుల సంగతి. 15, 16 ఏళ్లప్పుడు దారి రెండుగా చీలుతుంది. ఒకటి కెనడా మేజర్ జూనియర్: ఓహెచ్‌ఎల్, డబ్ల్యూహెచ్‌ఎల్, క్యూఎంజేహెచ్‌ఎల్, మూడూ కలిపి సీహెచ్‌ఎల్ అంటారు. 16 నుంచి 20 ఏళ్ల వరకూ ఆడతారు, పిల్లాడు ఇల్లు వదిలి బిల్లెట్ కుటుంబం దగ్గర, అంటే ఆ ఊళ్లో క్లబ్ చూపించిన ఇంట్లో ఉంటాడు. రెండోది అమెరికాలో జూనియర్ లీగ్ యూఎస్‌హెచ్‌ఎల్, దాని కింద ఎన్‌ఏహెచ్‌ఎల్. ఇక్కడా బిల్లెట్ ఇల్లే. యూఎస్‌హెచ్‌ఎల్‌లో ఆడటానికి ఫీజు ఉండదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే "జూనియర్ హాకీ" అనే పేరుతోనే వేల డాలర్లు గుంజే లీగులు చాలా ఉన్నాయి. 16, 17 ఏళ్ల పిల్లాడి ఆటకి మీరే డబ్బు కట్టాల్సి వస్తోందంటే, అది పై మెట్టుకి తీసుకెళ్లే ప్రధాన దారి కాదని అర్థం.

ఏళ్ల తరబడి తల్లిదండ్రుల్ని భయపెట్టిన నియమం ఒకటి ఉండేది: సీహెచ్‌ఎల్‌లో ఆడితే ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) డివిజన్-1 కాలేజీ హాకీకి అర్హత పోయేది. 2024 నవంబర్‌లో ఎన్‌సీఏఏ ఆ నియమం మార్చింది, 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మేజర్ జూనియర్ ఆడి తర్వాత కాలేజీకి వెళ్లొచ్చు. డబ్ల్యూహెచ్‌ఎల్ జట్టు మెడిసిన్ హ్యాట్‌లో ఆడిన గావిన్ మెకెన్నా పెన్ స్టేట్‌కి వెళ్లింది ఇలాగే. పాత వెబ్‌సైట్లలో, పాత కోచ్‌ల నోట ఇంకా పాత నియమమే వినపడుతుంది, పట్టించుకోకండి. దీని రెండో ముఖం కూడా చూడాలి: మేజర్ జూనియర్‌లో పండిన 20 ఏళ్ల ఆటగాళ్లు కాలేజీ జట్లలోకి వస్తున్నారు కాబట్టి, హైస్కూల్ అయిన వెంటనే డివిజన్-1లో చోటు దొరకడం ఇదివరకటికంటే కష్టం.

కాలేజీ తలుపు తెరిచి ఉంచాలంటే పని తొమ్మిదో తరగతిలోనే మొదలవుతుంది. డివిజన్-1కి 16 కోర్ కోర్సులు, వాటిలో 2.3 జీపీఏ ఉండాలి. అందులో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. ట్రిపుల్-ఏ పిల్లలు చాలామంది ప్రయాణాల కోసం ఆన్‌లైన్ స్కూల్‌కి మారతారు. ఆ కోర్సులు ఎన్‌సీఏఏ ఆమోదించినవేనా అని చేరకముందే చూసుకోవాలి. చేరాక తెలిస్తే ఆ క్రెడిట్లు లెక్కలోకి రావు.

డ్రాఫ్ట్‌కి కటాఫ్ సెప్టెంబర్ 15. ఆ తేదీకి 18 నిండితే ఆ ఏడాది డ్రాఫ్ట్, లేకపోతే వచ్చే ఏడాది. ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబర్ 17న. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయింది, ఆ ఏడాది స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ జట్టుకి పెద్దవాళ్లతో ఆడి 2016లో మొదటి పిక్‌గా వెళ్లాడు. అదే యూఎస్‌ఏ హాకీ వయసు విభాగాలు మాత్రం క్యాలెండర్ సంవత్సరం ప్రకారం నడుస్తాయి. రెండిటినీ కలిపేసుకుని కంగారుపడేవాళ్లు చాలామంది.

మీ పక్క ఊరు ప్లేనోలో పెరిగిన బ్లేక్ కోల్‌మన్ దారి ఒకసారి చూడండి. యూఎస్‌హెచ్‌ఎల్, 2011లో మూడో రౌండ్‌లో న్యూజెర్సీ పిక్, ఒహాయోలో మయామీ యూనివర్సిటీలో నాలుగేళ్లు, తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌కి ఒక మెట్టు కిందున్న ఏహెచ్‌ఎల్, 25 ఏళ్లకి తొలి ఎన్‌హెచ్‌ఎల్ ఆట. 2020, 2021లలో టాంపా తరఫున రెండు స్టాన్లీ కప్‌లు. నా దృష్టిలో టెక్సస్ పిల్లలకి సరైన నమూనా ఇదీ, 18 ఏళ్లకే మొదటి పిక్‌గా వెళ్లేవాళ్లది కాదు. 13 ఏళ్లకి డబుల్-ఏలో ఉండటం వెనకబడిపోవడం కాదు. పదహారేళ్లకి ప్రతి ఆటలో 18 నిమిషాలు మంచు మీద ఉండే జట్టు దొరకడం ముఖ్యం. పేరున్న ట్రిపుల్-ఏ జట్టులో నాలుగో లైన్‌లో, అంటే తక్కువసేపు ఆడించే చివరి బృందంలో, కూర్చోబెడితే పిల్లాడు అక్కడే ఆగిపోతాడు.

కాంట్రాక్టు_కాగితం:

డబ్బు ప్రశ్నకి వస్తాను. వార్తల్లో వచ్చే మిలియన్లకీ, నెల చివర చేతికొచ్చేదానికీ చాలా దూరం.

తొలి కాంట్రాక్టుని ఎంట్రీ లెవెల్ అంటారు. 18 నుంచి 21 ఏళ్ల మధ్య సంతకం చేస్తే మూడేళ్లు, 22, 23కి రెండేళ్లు, 24కి ఒక ఏడాది. జీతానికి పైకప్పు ఉంటుంది: 2022, 2023 డ్రాఫ్ట్‌లవాళ్లకి ఏడాదికి 9,50,000 డాలర్లు. ఎంత గొప్ప ఏజెంట్ ఉన్నా ఆ పైకప్పు దాటదు, బోనస్‌లలోనే తేడా వస్తుంది. 18, 19 ఏళ్ల కుర్రాడు సంతకం చేసి ఆ సీజన్లో పది ఎన్‌హెచ్‌ఎల్ ఆటలకంటే తక్కువ ఆడితే ఒప్పందం ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది, ఆ ఏడాది ఖర్చయినట్టు లెక్క కాదు. కుర్రాడిని తొమ్మిది ఆటలు ఆడించి జూనియర్‌కి పంపేసేది ఇందుకే. బాగా ఆడలేదని కాదు, పదో ఆటతో గడియారం మొదలవుతుందని.

అసలు అర్థం చేసుకోవాల్సింది టూ-వే కాంట్రాక్టు. ఒకే కాగితం మీద రెండు జీతాలు: ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి ఒకటి, ఏహెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి ఇంకొకటి. 2025-26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం 7,75,000. సీజన్ సుమారు 190 రోజులు, అంటే రోజుకి నాలుగు వేల డాలర్ల పైచిలుకు. అదే కుర్రాడికి ఏహెచ్‌ఎల్ జీతం 80 వేలు అనుకుందాం, రోజుకి 420. ఇప్పుడు డాలస్ స్టార్స్‌లో ఎవరికో మోకాలు పట్టేసి, సీడర్ పార్క్‌లోని టెక్సస్ స్టార్స్ నుంచి ఈ కుర్రాడిని 12 రోజులకి పిలిచారు. ఒక్క ఆటలో దిగకుండా ప్రెస్ బాక్స్‌లో కూర్చున్నా ఆ 12 రోజులకి సుమారు 49 వేలు వస్తాయి. కిందే ఉంటే ఐదు వేలు. ఏహెచ్‌ఎల్ కుర్రాళ్లు ఫోన్ పక్కన పెట్టుకుని పడుకునేది ఇందుకే. ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్టు లేకుండా కేవలం ఏహెచ్‌ఎల్ కాంట్రాక్టు మీద ఆడేవాళ్లూ ఉన్నారు, అక్కడ కనీసం 50 వేల చుట్టుపక్కల. ఇంకో మెట్టు కింద ఈసీహెచ్‌ఎల్. అక్కడ జీతం వారానికి ఇస్తారు, వందల డాలర్లలోనే. ఉండటానికి ఇల్లు క్లబ్ ఇస్తుంది. సీజన్ అయిపోయాక జీతం ఉండదు, వేసవిలో వేరే పని చూసుకోవాల్సిందే.

కనీస జీతంలో కోతలు కూడా వేసుకోండి. ఎస్క్రో అని ఒకటుంది: లీగ్ ఆదాయంలో ఆటగాళ్ల వాటా 50 శాతం దాటకుండా ముందే జీతంలో కొంత పట్టి ఉంచుతారు. 6 శాతం పడితే 46,500 పక్కకి పోతుంది. ఏజెంట్ మామూలుగా 3 నుంచి 5 శాతం. ఫెడరల్ పన్ను పై శ్లాబ్ 37 శాతం. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కానీ కాలిఫోర్నియాలో ఆడిన రోజులకి కాలిఫోర్నియా పన్ను కట్టాలి. పని చేసిన రోజుల నిష్పత్తిలో రాష్ట్రాలు వసూలు చేస్తాయి కాబట్టి రిటర్న్‌లు బోలెడు వెయ్యాలి.

ఎక్కువమంది తల్లిదండ్రులకి అర్థం కానిది వేవర్స్. అనుభవం గడించిన ఆటగాడిని ఏహెచ్‌ఎల్‌కి పంపాలంటే ముందు 24 గంటలు మిగతా 31 జట్లకీ అవకాశం ఇవ్వాలి, ఎవరైనా తీసేసుకోవచ్చు. కొత్తవాళ్లకి దీన్నుంచి మినహాయింపు. ఉదాహరణకి 18 ఏళ్లకి సంతకం చేసిన ఫార్వర్డ్‌కి మామూలుగా ఐదేళ్లు లేదా 160 ఎన్‌హెచ్‌ఎల్ ఆటలు, ఏది ముందైతే అది. వినడానికి ఇది రక్షణలా ఉంటుంది కానీ కుర్రాడికి ఇదే శాపం. సీజన్ మొదలయ్యేముందు రోస్టర్ 23కి కుదించేటప్పుడు, ఒకే స్థాయిలో ఇద్దరుంటే మేనేజర్ కిందికి పంపేది మినహాయింపు ఉన్నవాడినే, ఎందుకంటే వాడిని ఎవరూ ఎత్తుకుపోలేరు. కొన్నిసార్లు కాస్త బాగా ఆడినవాడే కిందికి పోతాడు. మినహాయింపు అయిపోయిన ఏడాది పరిస్థితి తిరగబడుతుంది: ఇక ఉంచుకోవాలి, లేదా పోగొట్టుకోవడానికి సిద్ధపడాలి. 22 నుంచి 25 మధ్య ఏ ఆటగాడి భవితవ్యమైనా ఈ తేదీ చుట్టూనే తిరుగుతుంది.

ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలబడలేకపోతే బతుకు గడుస్తుందా అన్నారు. గడుస్తుంది, యూరప్ ఉంది. స్వీడన్ ఎస్‌హెచ్‌ఎల్, ఫిన్లాండ్ లీగా, జర్మనీ డీఈఎల్, స్విట్జర్లాండ్. ఏహెచ్‌ఎల్‌లో నాలుగైదేళ్లు ఆడి 27, 28కి అటు వెళ్లేవాళ్లు చాలామంది. ఎస్‌హెచ్‌ఎల్‌లో రెగ్యులర్ సీజన్ 52 ఆటలే, బస్సులో రాత్రిళ్లు తక్కువ. సంతకం పెట్టేటప్పుడు చెప్పిన జీతం పన్ను ముందుదా, పోగా మిగిలేదా, ఇల్లు కారు క్లబ్‌వేనా, గాయమైతే జీతం ఎన్నాళ్లు అన్నవి కాగితం మీద ఉండాలి. నోటిమాట నమ్మకూడదు.

రింక్_ఫిజియో:

వాళ్లమ్మగారి భయం అర్థమవుతుంది, కానీ భయపడాల్సిన చోటు వేరే ఉంది.

యూఎస్‌ఏ హాకీలో పూర్తి చెకింగ్ 14యూలోనే మొదలవుతుంది, 2011లో 12యూ నుంచి తీసేశారు. ఈ వయసులో ఒకే జట్టులో ఒకడు 95 పౌండ్లు ఉంటాడు, ఇంకొకడు 150 ఉంటాడు. ప్రమాదం ఎక్కువగా జరిగేది బోర్డ్ (రింక్ చుట్టూ ఉండే గోడ) నుంచి మూడు నాలుగు అడుగుల దూరంలో. పక్ కోసం వెళ్తూ బోర్డ్‌కి దూరంగా ఆగిపోతే, వెనక నుంచి తగిలిన దెబ్బకి తల ముందుకెళ్లి గోడకి కొట్టుకుంటుంది. కాబట్టి నేర్పాల్సింది ఇదీ: పక్ దగ్గరికి వెళ్లేముందు భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూడటం, కోణంలో వెళ్లడం, బోర్డ్‌కి పూర్తిగా ఆనుకోవడం, తల పైకి ఉంచడం. తల వంచి కొట్టుకుంటే మెడ వెన్నుకి ప్రమాదం. కోచ్ దీన్ని ప్రాక్టీస్‌లో ఎన్నిసార్లు చేయిస్తారో చూస్తే ఆ క్లబ్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

తలకి దెబ్బ తగిలి మబ్బుగా ఉంది, వెలుతురు భరించలేకపోతున్నాడు అంటే ఆ రోజు ఆట అక్కడితో సరి. తిరిగి రావడం మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. డాక్టర్ సరే అనేదాకా దెబ్బ తగిలే ప్రాక్టీస్ వద్దు. మెడకి రక్షణ పట్టీ 18 ఏళ్లలోపు వాళ్లందరికీ 2024 ఆగస్టు నుంచి తప్పనిసరి.

నెమ్మదిగా పాడయ్యేది తుంటి. ఎదిగే వయసులో ఏడాది పొడవునా స్కేటింగ్ చేస్తే తొడ ఎముక తల పక్కన గడ్డలా పెరిగి గిన్నె అంచుకి ఒరుసుకుంటుంది. మొదటి గుర్తు గజ్జల్లో నొప్పి. కారు దిగేటప్పుడు, సాక్స్ వేసుకునేటప్పుడు పట్టేసినట్టుంటుంది. "కండరం పట్టింది, సాగదీయి" అని మోకాలు ఛాతీకి లాగిస్తే ఇంకా ఒరుసుకుంటుంది. రెండు వారాలు దాటితే ఎక్స్-రే తీయించండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా స్కేట్లు పక్కన పెట్టించి సాకర్, టెన్నిస్, ఈత, ఏదైనా ఆడనివ్వండి. స్ప్రింగ్ లీగ్ మానేస్తే వెనకబడతాడని భయపెడతారు. భయపడకండి.

ప్రయారిటీ_డేట్:

వీసా సంగతి అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది, ఎందుకంటే దీనికి గడువు ఉంది. హెచ్-4 పిల్లలకి 21 ఏళ్లతో ముగుస్తుంది. గ్రీన్‌కార్డ్ వరసలో తేదీ ముందుగా వస్తే సీఎస్‌పీఏ (పిల్లల వయసు రక్షణ చట్టం) కింద వయసు లెక్కలో ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డ్ పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు, అంతకుమించి ఆశ పెట్టుకోకండి. 20 ఏళ్లు అంటే సరిగ్గా జూనియర్ అయిపోయి కాలేజీలో చేరే వయసు, అప్పుడు విద్యార్థి వీసా ఎఫ్-1కి మారడం మామూలే.

హెచ్-4 మీద క్లబ్ హాకీ, స్కూల్ హాకీ ఆడొచ్చు. కాలేజీ స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు. కానీ పేరు, ఫొటో వాడుకున్నందుకు ఇచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు, 2025 నుంచి యూనివర్సిటీలు నేరుగా పంచుతున్న ఆదాయం, ఇవి పని చేసి సంపాదించినట్టు అవుతాయా అన్నది లాయర్‌తో తేల్చుకోకుండా ఒక్క డాలర్ తీసుకోకండి. మిషిగన్‌లోని ప్లిమత్‌లో నడిచే జాతీయ శిక్షణ జట్టు అమెరికా పౌరులకే, దాన్ని ప్రణాళికలోంచి తీసేయండి.

ప్రొఫెషనల్ అయ్యాక వీసా అంత పెద్ద అడ్డంకి కాదు. క్రీడాకారులకిచ్చే పి-1 వీసాకి జట్టే దరఖాస్తు చేస్తుంది, పెద్ద లీగ్ జట్లకి అనుబంధంగా ఉన్న మైనర్ లీగ్ జట్లు కూడా 2006 చట్టం తర్వాత దీన్ని వాడుకోగలవు.

ట్రిపుల్-ఏకి వెళ్తే టొరంటో టోర్నమెంట్లు తప్పవు. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి కెనడా విజిటర్ వీసా కావాలి, వారాలు పడుతుంది, ట్రయౌట్‌లో ఎంపికవ్వగానే పెట్టేయండి. తిరిగి వచ్చేటప్పుడు పాస్‌పోర్ట్‌లో హెచ్-4 స్టాంప్ గడువు దాటి ఉంటే చాలామంది భయపడతారు. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) చెల్లుబాటులో ఉండి, కెనడాలో 30 రోజులు మించకుండా ఉండి, అక్కడ కొత్త అమెరికా వీసాకి దరఖాస్తు పెట్టకపోతే ఆటోమేటిక్ రీవాలిడేషన్ కింద రావొచ్చు. ఐ-94, ఐ-797 (హెచ్-4 ఆమోదం నోటీసు) కాపీలు పిల్లాడి సంచిలో పెట్టండి, టీమ్ బస్సులో మీరు లేకుండా వెళ్తే తప్పనిసరిగా. కానీ మేజర్ జూనియర్ కోసం సీజన్ మొత్తం కెనడాలో ఉంటే ఈ వెసులుబాటు వర్తించదు, స్టాంపింగ్‌కి వెళ్లాల్సిందే. ఆ ఒక్క కారణంతోనే మీ బాబుకి యూఎస్‌హెచ్‌ఎల్, కాలేజీ దారి మేలు అంటాను.

ఫ్రిస్కో_నాన్న:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. కెనడా దారి ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాం, కోర్ కోర్సుల సంగతి స్కూల్ కౌన్సెలర్‌తో రేపే మాట్లాడతాను. చివరగా ఒక చిన్న ప్రశ్న. పెరుగుతున్నాడని స్కేట్లు ఒక సైజు పెద్దవి కొన్నాం. మలుపుల్లో కాలు జారుతోంది అంటున్నాడు, స్టిక్ కూడా బరువుగా ఉందంటున్నాడు. ట్రయౌట్‌లోపు మార్చాలా?

నీలిగీత:

స్కేట్లు ఈ వారమే మార్చండి. మలుపులో మడమ లోపల లేస్తుంటే బ్లేడ్ అంచు మీద బరువు నిలవదు, ఎంత ప్రాక్టీస్ చేసినా రాదు. సరైన సైజు ఎలా తెలుస్తుందంటే: లేసులు కట్టి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడని ఈకలా తాకాలి, మోకాళ్లు వంచగానే వెనక్కి రావాలి, మడమ కదలకూడదు. మామూలు బూటు సైజుకంటే ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉంటుంది. పెరుగుతున్నాడు కాబట్టి ఖరీదైన మోడల్ వద్దు, మధ్యస్థమైనది కొని షాపులోనే ఓవెన్‌లో వేడి చేయించి కాలికి అచ్చు వేయించండి. పదును అర అంగుళం హాలో (బ్లేడ్ అడుగున తీసే గాడి వంపు) అడగండి, ఎక్కువమందికి అది సరిపోతుంది. కొత్త స్కేట్లు ట్రయౌట్‌కి కనీసం మూడు వారాల ముందు మంచు మీదికి రావాలి.

స్టిక్ బరువు కాదు, బిగుసుగా ఉండి ఉంటుంది. పైన రాసి ఉన్న ఫ్లెక్స్ (ఎంత బిగుసుగా ఉందో చెప్పే) అంకె పిల్లాడి బరువు పౌండ్లలో ఎంతో దానిలో సగం దగ్గర ఉండాలి. 100 పౌండ్ల పిల్లాడికి 50. పెద్దవాళ్ల 75 ఫ్లెక్స్ కొని పైన నాలుగు అంగుళాలు కోస్తే అది ఇంకా బిగుస్తుంది, రిస్ట్ షాట్‌లో వంగదు, చేతులతో తోయాల్సి వస్తుంది. పొడవు ఉత్తి కాళ్ల మీద నిలబడితే ముక్కు దాకా, స్కేట్ల మీద గడ్డం దాకా. మీది కోసిన స్టిక్ అయితే ఒక ఇంటర్మీడియట్ (పిల్లల, పెద్దవాళ్ల సైజులకి మధ్యది) స్టిక్ తెప్పించి రెండు ప్రాక్టీస్‌లు ఆడించి చూడండి.